ఆలస్యానికి వడ్డీ ఎవరు కట్టాలి?

2025 నవంబరు 12 రాత్రి ట్రంప్ ఒక బిల్లు మీద సంతకం పెట్టడంతో అమెరికా ప్రభుత్వ కార్యాలయాల తాళాలు తీశారు. అక్టోబరు 1న వేసిన తాళాలవి. మొత్తం 43 రోజులు. ఆ దేశ చరిత్రలో ప్రభుత్వం ఇన్నాళ్లు మూతపడడం ఇదే మొదటిసారి. అంతకు ముందు 2018 డిసెంబరు 22 నుంచి 2019 జనవరి 25 దాకా సాగిన 35 రోజుల మూసివేతే పెద్దది. ఇప్పుడు సంతకమైన చట్టంలో ఉద్యోగుల గురించి రెండు ముఖ్యమైన మాటలున్నాయి. మూసివేత కాలానికి జీతం మొత్తం ఇవ్వాలి. మూసివేత పేరుతో పంపిన తొలగింపు నోటీసులు వెనక్కి తీసుకోవాలి, 2026 జనవరి 30 వరకు కొత్తవి పంపకూడదు.

ఈ వార్త చదివిన మన సభ్యులు కొందరు అడుగుతున్నారు: ఇంట్లో కూర్చున్న రోజులకు జీతమేమిటి? వాన రాక పొలం బీడుపడితే మనకెవరిస్తున్నారు? ఎక్కడో అమెరికా ఉద్యోగుల సంగతి రైతు సంఘం పత్రికకు ఎందుకని కూడా కొందరికి అనిపించవచ్చు. ఈ ప్రశ్నల్లో ఉన్న కడుపుమంట మాకు తెలియనిది కాదు. కాని ఆ మంట తప్పు దిక్కుకు మళ్లుతోందని మా అభిప్రాయం. అందుకే ఈ నెల సంపాదకీయం దీని మీద రాస్తున్నాం.

ముందు అసలు జరిగేదేమిటో చూద్దాం. అమెరికాలో అక్టోబరు 1న కొత్త ఆర్థిక సంవత్సరం మొదలవుతుంది. అప్పటికి వాళ్ల పార్లమెంటు, అంటే కాంగ్రెస్, ఖర్చులకు అనుమతి ఇవ్వకపోతే ఖజానా నుంచి డబ్బు తీయడానికి వీల్లేదు. అనుమతి లేని ఖర్చును నిషేధించే చట్టం 1884 నాటిది. అయినా దాదాపు వందేళ్లు దాని పేరు చెప్పి ఎవరూ ఆఫీసులు మూయలేదు. బడ్జెటు నాలుగు రోజులు ఆలస్యమైతే పని సాగుతూనే ఉండేది. 1980లో అప్పటి అటార్నీ జనరల్ సివిలెట్టి, డబ్బు మంజూరు కాకపోతే పని ఆపాల్సిందేనని అభిప్రాయం రాసిచ్చారు. ప్రాణాలకు, ఆస్తులకు రక్షణ కల్పించే పనులకు మాత్రం మినహాయింపు అన్నారు. ఒక న్యాయాధికారి రాసిన కాగితంతో ఈ తాళాల సంప్రదాయం మొదలైంది.

అప్పటి నుంచి ప్రతి మూసివేతలోనూ ఉద్యోగులు రెండు రకాలుగా విడిపోతారు. అత్యవసరం కాని వాళ్లను జీతం లేని సెలవు మీద ఇంటికి పంపుతారు. అత్యవసరమైన వాళ్లు డ్యూటీకి రావాలి, జీతం మాత్రం అప్పుడు రాదు. విమానాలకు దారి చూపే కంట్రోలర్లు, జైళ్ల గార్డులు, విమానాశ్రయాల్లో తనిఖీ చేసేవాళ్లు, మాంసం ఫ్యాక్టరీల్లో ఇన్‌స్పెక్టర్లు ఈ రెండో రకం. ఈసారి రెండు రకాలూ కలిపి దాదాపు 14 లక్షల మంది. అందులో సగానికి పైగా పనిచేస్తూ జీతం లేకుండా ఉన్నవాళ్లే. కాబట్టి "పనిచేయని రోజులకు జీతం" అనే మాట సగంమందికి మొదటే వర్తించదు. మిగతా సగం పని మానలేదు. రావద్దన్నారు, ఆగిపోయారు. సమ్మె వాళ్లది కాదు. లాకౌట్ చేసింది ప్రభుత్వం. మిల్లు యజమాని గేటుకు తాళం వేసి, లోపలికి రాలేదు కనుక కూలి ఇవ్వనంటే మన ఊళ్లో ఏమంటామో అదే అక్కడా అనాలి.

ఇక్కడ చెప్పుకోవాల్సిన సంగతి మరొకటుంది. ఈ 43 రోజులూ కాంగ్రెస్ సభ్యులకు జీతం ఆగలేదు. వాళ్ల జీతానికి ఏటా కొత్తగా మంజూరు అక్కర్లేదు. తాళం వేసిన చేతులకు జీతం వస్తూనే ఉంది.

బకాయి జీతం మీద కూడా ఈసారి చిన్న నాటకం కాదు జరిగింది. 2019కి ముందు ప్రతి మూసివేత తర్వాత కాంగ్రెస్ దయతలిచి విడిగా ఓటేస్తేనే ఇంటికి పంపిన వాళ్లకు జీతం వచ్చేది. ప్రతిసారీ ఓటేశారు, అది వేరే విషయం. 2019 జనవరి 16న, 35 రోజుల మూసివేత నడుస్తుండగానే, ఈ అనిశ్చితి పోగొట్టడానికి చట్టం చేశారు. మూసివేత ముగిసిన వెంటనే, వీలైనంత తొందరగా, అందరికీ జీతం చెల్లించాలన్నది దాని సారాంశం. దాని మీద సంతకం చేసింది కూడా ట్రంపే. ఆరేళ్లు అందరూ దీన్ని తిరుగులేని హక్కుగానే లెక్కవేశారు. మొన్న అక్టోబరు మొదటి వారంలో అధ్యక్ష భవనం బడ్జెట్ కార్యాలయం నుంచి ఒక ముసాయిదా మెమో బయటికొచ్చింది. చట్టంలో "నిధుల మంజూరుకు లోబడి" అన్న అర్థం వచ్చే మాట ఒకటుంది కనుక, కాంగ్రెస్ మళ్లీ ప్రత్యేకంగా చెబితే తప్ప ఇంటికి పంపిన వాళ్లకు జీతం ఇవ్వక్కర్లేదన్నది అందులోని వాదన. విలేకరులు అడిగితే అధ్యక్షుడు కూడా, అది ఎవరి గురించి మాట్లాడుతున్నామన్న దాన్ని బట్టి ఉంటుందన్నట్టు జవాబిచ్చారు. ఉద్యోగ సంఘాలు గట్టిగా ఎదురు తిరిగాయి. చివరికి నవంబరు చట్టంలో జీతాల మాట మళ్లీ స్పష్టంగా రాయించుకోవాల్సి వచ్చింది.

రాసిపెట్టి ఉన్న హక్కును కూడా ఒక మాట పట్టుకుని బేరానికి పెట్టవచ్చని ఈ ఆరు వారాల్లో తేలింది. రుణమాఫీ జీవోల్లో "షరతులకు లోబడి" అన్న మాట ఎంతమంది పేర్లను జాబితాల్లోంచి కొట్టేసిందో చూసిన మనకు ఇది వింతగా తోచదు.

సరే, జీతం వచ్చింది. తాళాలు తీసిన వారం పది రోజుల్లో చాలామంది ఖాతాల్లో పడింది. ఆలస్యం మాటేమిటి? ఈ ఆరు వారాలూ ఇంటి అద్దె ఆగలేదు, కారు కిస్తీ ఆగలేదు. క్రెడిట్ కార్డు వడ్డీ అసలే ఆగలేదు. ఉద్యోగాలున్న వాళ్లు ఉచిత ఆహార కేంద్రాల ముందు వరుసల్లో నిలబడ్డారు. 2018-19 మూసివేతలో పనిచేయించుకుని జీతం ఆలస్యం చేసినందుకు నష్టపరిహారం ఇవ్వాలని అక్కడి ఉద్యోగులు దావా వేశారు. కింది కోర్టులో ఆశ చిగురించింది. 2022లో అప్పీలు కోర్టు మాత్రం, మంజూరు లేనప్పుడు చెల్లించడం నిషేధమే కనుక ఆలస్యం చట్టవిరుద్ధం కాదని తేల్చేసింది. అసలు మాత్రమే వస్తుంది. దాన్ని ఆలస్యంగా ఇచ్చినందుకు అయిన ఖర్చు ఉద్యోగిదే.

అసలు కూడా రాని వాళ్లున్నారు. ప్రభుత్వ భవనాలు ఊడ్చేవాళ్లు, మ్యూజియంల కాపలాదార్లు, క్యాంటీన్లలో వండి వడ్డించేవాళ్లు. వీళ్లలో చాలామంది ప్రభుత్వ ఉద్యోగులు కారు, కాంట్రాక్టు కంపెనీల మనుషులు. ఆఫీసు మూస్తే వాళ్ల పనీ మూతపడుతుంది. ఆఫీసు తెరిచాక అక్కడ ఫైళ్లు చూసే గుమాస్తాకు ఆరు వారాల జీతం వస్తుంది, ఆ గది ఊడ్చే ఆమెకు ఒక్క రోజు కూలీ రాదు. 2019లో వాళ్లకూ ఇవ్వాలని బిల్లులు పెట్టారు, గట్టెక్కలేదు. ఈసారీ వాళ్లకు దక్కింది లేదు. మన పల్లెల్లో కౌలు రైతు ఉన్న చోటే వాళ్లూ ఉన్నారు. పండించేది ఒకరు, పేరున్నది మరొకరిది. పరిహారం పేరును వెతుక్కుంటూ పోతుంది.

ఇక రైతుల సంగతి. సోయా, మొక్కజొన్న కోతల నడుమ ఈ మూసివేత వచ్చింది. అక్కడ జిల్లాకొకటి చొప్పున, మన మండల వ్యవసాయ కార్యాలయం, సహకార బ్యాంకు కలిపినట్టుండే ఆఫీసు ఒకటుంటుంది. పేరు ఫార్మ్ సర్వీస్ ఏజెన్సీ. పంట రుణాలు, విపత్తు సాయం, సబ్సిడీలు అన్నీ దాని గుండానే. ఆ ఏజెన్సీ సిబ్బందిలో మూడింట రెండు వంతుల మందిని ఇళ్లకు పంపేశారు. రుణం మీద పండించిన పంట అమ్మితే, వచ్చే చెక్కు మీద రైతు పేరుతో పాటు ఏజెన్సీ పేరు కూడా ఉంటుంది. ఏజెన్సీ సంతకం లేనిదే బ్యాంకు ఆ చెక్కు తీసుకోదు. ధాన్యం అమ్ముడయింది, చెక్కు చేతిలో ఉంది, డబ్బు లేదు. 2019 జనవరిలోనూ సరిగ్గా ఇదే జరిగింది. అప్పుడు చైనాతో సుంకాల పోరులో దెబ్బతిన్న సోయా రైతులకు ప్రకటించిన సాయానికి దరఖాస్తు గడువు జనవరి 15. ఆఫీసులేమో మూసి ఉన్నాయి. చివరికి గడువును ఫిబ్రవరి 14 దాకా పెంచారు. ఈసారి కూడా చైనా కొత్త సోయా పంటను నెలల తరబడి కొనకుండా ఉన్న కాలంలోనే తాళాలు పడ్డాయి. గగ్గోలు పుట్టాక అక్టోబరు 23న దాదాపు 2,100 ఆఫీసులను, ఒక్కో దాంట్లో ఇద్దరేసి సిబ్బందితో తెరిచారు. ఆగిపోయిన 300 కోట్ల డాలర్ల సాయం రైతులకు చేర్చడానికని చెప్పారు.

ఆ ఇద్దరికీ వారాల తరబడి ఆగిన పని మీద పడింది. ఆ కౌంటరు దగ్గర రైతు, ఉద్యోగి ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు తిట్టుకుని ఉండవచ్చు కూడా. వాళ్లిద్దరి మధ్య ఆ గొడవ పెట్టినవాళ్లు వాషింగ్టన్‌లో ఉన్నారు.

మనకు నేరుగా తగిలే సంగతి ఒకటి. అమెరికా వ్యవసాయ శాఖ ప్రతి నెలా పంటల అంచనా నివేదిక ఇస్తుంది. పత్తి, సోయా, మొక్కజొన్న, గోధుమ ఏ దేశంలో ఎంత పండుతుంది, ఎంత నిలవ ఉంది అన్న లెక్కలు అందులో ఉంటాయి. ప్రపంచ మార్కెట్లు ఆ లెక్కల మీద కదులుతాయి. 2025 అక్టోబరు నివేదిక రానే లేదు. నవంబరుది 14న వచ్చింది. పెద్ద వ్యాపార కంపెనీలకు సొంత ఉపగ్రహాలు, సొంత సర్వేలు ఉంటాయి. వాళ్లకు ఈ నివేదిక రాకపోయినా దారి తెలుసు. అందరికీ ఉచితంగా దొరికే లెక్క ఆగిపోతే చీకట్లో మిగిలేది చిన్న రైతే, అక్కడైనా ఇక్కడైనా. ఆదిలాబాదులోనో గుంటూరులోనో పత్తి బస్తా దించగానే "బయట రేటు పడిపోయింది" అని వినపడే మాటకు మూలం ఆ లెక్కల్లోనే ఉంటుంది. మన ఊళ్లనుంచి వెళ్లిన పిల్లల వీసా పనులకూ ఆ తాళాలు తగిలాయి. కంపెనీలు వాళ్ల తరఫున కార్మిక శాఖలో తీసుకోవాల్సిన అనుమతులు అక్టోబరు నెలంతా దాదాపు ఆగిపోయాయి.

ఇటువంటి మూసివేత మన దేశంలో రాదు. మన రాజ్యాంగం 116వ అధికరణం కింద బడ్జెటు పూర్తయ్యేదాకా ఓట్ ఆన్ అకౌంట్ తీసుకునే వీలుంది. లోక్‌సభలో పద్దు ఓడిపోతే ఆఫీసు కాదు, మంత్రివర్గమే పడిపోతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2024 ఆగస్టు నుంచి నవంబరు దాకా ఖర్చులు ఆర్డినెన్సు మీదే నడిచాయి, ఒక్క ఆఫీసూ మూతపడలేదు. అందుకు సంతోషించాలి. కాని మన ప్రభుత్వాలకు తాళం వేయకుండానే ఆపే విద్య తెలుసు. ఆఫీసు తెరిచే ఉంటుంది, బిల్లు ట్రెజరీలో ఆగుతుంది.

కరోనా కాలం గుర్తు చేసుకుందాం. కేంద్రం తన ఉద్యోగులకు, పెన్షనర్లకు మూడు విడతల డీఏ నిలిపేసింది. 2020 జనవరి నుంచి 2021 జూన్ వరకు 18 నెలలు. ఆ బకాయి ఎప్పటికీ ఇవ్వబోమని పార్లమెంటులోనే చెప్పేసింది. మిగిలిన సొమ్ము 34,402 కోట్ల రూపాయలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020 మార్చి, ఏప్రిల్ జీతాల్లో సగం దాకా వాయిదా వేసింది, పెన్షన్లనూ వదల్లేదు. ఒక విశ్రాంత జిల్లా జడ్జి హైకోర్టుకు వెళ్లారు. ఆపిన మొత్తాన్ని 12 శాతం వడ్డీతో ఇవ్వాలని హైకోర్టు తీర్పిచ్చింది. రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా పోయింది. 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు వడ్డీని 6 శాతానికి తగ్గించింది కాని అసలు సూత్రాన్ని నిలబెట్టింది. చేసిన సేవకు జీతం హక్కు, దాన్ని ఆలస్యం చేసిన ప్రభుత్వం వడ్డీ కట్టాలి. అమెరికా ఉద్యోగులకు వాళ్ల అప్పీలు కోర్టు కాదన్నది ఇక్కడ మన పెన్షనర్లకు దక్కింది. ఈ తీర్పును ఉద్యోగుల వ్యవహారమని మన రైతాంగం పక్కన పెట్టడం నష్టం. అది మనకు కూడా పనికొచ్చే ఆయుధం.

ఎందుకంటే ఆలస్యానికి వడ్డీ అన్న సూత్రం రైతుల విషయంలోనూ కాగితం మీద ఉంది. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఫ్యాక్టరీకి చెరకు అందిన 14 రోజుల్లో డబ్బు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ. మన రెండు రాష్ట్రాల్లో ఆ వడ్డీ అందుకున్న రైతులు ఎంతమంది? అడిగి చూడండి, అలాంటి నియమం ఉందన్న సంగతే చాలామందికి తెలియదు. పంటల బీమా కంపెనీ పరిహారం ఆలస్యం చేస్తే 12 శాతం వడ్డీ అని నిబంధన ఉంది. ఉపాధి హామీ చట్టంలో మస్టర్ ముగిసిన పదిహేను రోజుల్లో కూలి రాకపోతే, పదహారో రోజు నుంచి రోజుకు 0.05 శాతం పరిహారం ఇవ్వాలి. 2025-26లో మన రెండు రాష్ట్రాల్లో రోజు కూలి 307 రూపాయలు. లెక్కేస్తే ఒక రోజు కూలి మీద ఒక రోజు ఆలస్యానికి పరిహారం పదిహేను పైసలు. ఆ పదిహేను పైసలు కూడా సరిగా లెక్కగట్టి ఇవ్వరు.

ధాన్యానికి మాత్రం ఆ కాగితం కూడా లేదు. కొనుగోలు కేంద్రంలో తూకం వేసి, మిల్లుకు పంపి, ఇన్ని గంటల్లో ఖాతాలో వేస్తామని ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. అది మాటే, హక్కు కాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2024లో ప్రభుత్వం మారేనాటికి ధాన్యం రైతులకు 1,674 కోట్ల రూపాయల బకాయి ఉంది. కొత్త ప్రభుత్వం దాన్ని చెల్లించింది, మంచిదే. వడ్డీ లేకుండా చెల్లించింది. ఆ నెలల్లో రైతు ఎరువుల కొట్లో అరువు తెచ్చాడు. నూటికి రెండు రూపాయల చొప్పున నెల నెలా వడ్డీ పెరిగింది. లక్ష రూపాయల ధాన్యం డబ్బు నాలుగు నెలలు ఆగితే ఎనిమిది వేలు అక్కడే పోయాయి. మద్దతు ధర క్వింటాలుకు వంద పెంచామని చెప్పుకునే వాళ్లు ఈ ఎనిమిది వేల మాట ఎత్తరు. కౌలు రైతుకైతే ఇంకా ముందే చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 సాగుదారుల హక్కుల చట్టం కింద కార్డు కావాలంటే భూయజమాని ఒప్పుకోవాలి, ఆయన ఒప్పుకోడు. ధాన్యం డబ్బు పట్టాదారు ఖాతాలో పడి, అక్కడి నుంచి కౌలుదారు చేతికి రావడానికి ఇంకో వాయిదా. తెలంగాణలో రైతుబంధు పేరిట ఏళ్ల తరబడి ఇచ్చిన పెట్టుబడి సాయం కౌలు రైతు గడప తొక్కనే లేదు.

కాబట్టి ఉద్యోగికి బకాయి జీతం ఇచ్చినప్పుడు మనకెందుకివ్వరని అడగడంలో తప్పు లేదు. ఆ ప్రశ్న ఉద్యోగి మీదికి ఎక్కుపెడితే ఇద్దరికీ పోతుంది. ఉద్యోగుల సంఘాలకు కూడా మేము ఒక మాట చెప్పదలిచాం. మీ డీఏ బకాయిల కోసం మీరు ధర్నా చేసినప్పుడు మేము వచ్చాం, ఇక ముందూ వస్తాం. మీ డిమాండ్ల పత్రంలో మీ ఆఫీసు ఊడ్చే ఔట్‌సోర్సింగ్ కార్మికుల జీతాల ఆలస్యం, కొనుగోలు కేంద్రాల్లో రైతుల డబ్బు ఆలస్యం కూడా చేరాలి. ఆ ఫైళ్లు నడిపేది మీరే. ఎక్కడ ఆగుతున్నాయో మీకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ప్రభుత్వాలను అడగాల్సింది సూటిగానే అడుగుదాం. ధాన్యం, మొక్కజొన్న, పత్తి, ప్రభుత్వ సంస్థ ఏది కొన్నా, చెల్లింపు గడువును చట్టంలో రాయాలి. గడువు దాటితే రైతు అడగకుండానే వడ్డీ కలిపి ఖాతాలో వేయాలి. చెరకుకు 15 శాతమైనప్పుడు ధాన్యానికి తక్కువెందుకు? డబ్బు పండించిన వాడి ఖాతాకే వెళ్లాలి, భూయజమాని సంతకంతో ముడిపెట్టకూడదు. ఉపాధి కూలికి పదిహేను పైసల పరిహారం అవమానం. కనీసం బ్యాంకు పంట రుణం మీద వేసే వడ్డీ అంతైనా ఉండాలి.

అమెరికాలో ఆ చట్టం పెట్టిన గడువు 2026 జనవరి 30. వ్యవసాయ శాఖకు మాత్రం ఈసారి 2026 సెప్టెంబరు దాకా నిధులు మంజూరయ్యాయి కనుక ఆ గడువుతో ఆ జిల్లా ఆఫీసులకు మళ్లీ తాళం పడే ప్రమాదం లేకపోయింది. మిగతా శాఖల ఉద్యోగులు ఆ గడువు దాకా క్యాలెండరు చూసుకుంటూనే గడపాల్సి వచ్చింది.

మన దగ్గర ఖరీఫ్ ధాన్యం కేంద్రాలకు వస్తోంది. ప్రతి గ్రామ శాఖ ఒక నోటు పుస్తకం పెట్టాలని కోరుతున్నాం. రైతు పేరు, కౌలా సొంతమా, తూకం వేసిన తేదీ, బస్తాలు, రావాల్సిన మొత్తం, డబ్బు పడిన తేదీ రాయండి. తూకం చీటీ ఫొటో తీసి ఉంచండి. కొట్టు అరువు మీద ఈ మధ్యలో ఎంత వడ్డీ పడిందో అది కూడా పక్కన రాయండి. సంక్రాంతి లోపల మండల కమిటీలకు అందితే, జిల్లాల వారీగా మొత్తం కట్టి వ్యవసాయ, పౌర సరఫరాల మంత్రుల ముందు పెడతాం. ఆలస్యం ఎన్ని రోజులో మాత్రమే కాక, ఆ రోజులకు రైతు చెల్లించిన వడ్డీ ఎన్ని రూపాయలో కూడా ఆ కాగితంలో ఉండాలి.